నార్విక్ కొండ మీద ముప్పై ఆరు ఫొటోలు

నార్వే వెళ్తున్నాం, అక్కడి ఆకురాలు కాలం ఎప్పుడు చూస్తే బాగుంటుంది అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థినులు అడిగారు. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పడం కన్నా, ఎనభయ్యో దశకం మొదట్లో నేను వెళ్ళివచ్చిన ఆ ఒక్కరోజు ప్రయాణం మొత్తం రాసిపెడితే ఎవరికి కావలసింది వారు తీసుకుంటారనిపించింది. అప్పట్లో నేను విశాఖపట్నంలో ఒక మహిళా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. చలిదేశాల్లో ఆకులు రంగు మారి రాలడం గురించి ఒక పాఠం ఉండేది. ఆకుపచ్చ రంగు ఎలా విరిగిపోతుందో, పసుపు ఎలా బయటపడుతుందో, ఎరుపు ఎలా కొత్తగా పుడుతుందో నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పేదాన్ని. మన ఊళ్ళో రాలేముందు ఎర్రబడే ఆకు నాకు తెలిసి బాదం ఆకు ఒక్కటే. బీచ్ రోడ్డులో రెండు ఏరుకొచ్చి క్లాసులో చూపించేదాన్ని. ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి. ఒకరోజు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "ఒక్క ఆకు సరే మేడమ్, కొండంతా ఎర్రబడితే ఎలగుంతాది?" అని అడిగింది. నాకూ తెలియదమ్మా, చూడలేదు అన్నాను. "ఈ పుస్తకం రాసినాయనైనా సూసుంతారా మేడమ్?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

మా వారు ఖనిజం మోసే ఓడలో సెకండ్ ఇంజనీరు. ఆయనది గోదావరి జిల్లా, నాది చోడవరం దగ్గర చెరకు పండించే పల్లె. ఆఫీసర్లు భార్యలను ఓడలో వెంట తీసుకువెళ్ళవచ్చని కంపెనీ నిబంధన ఉండేది. ఆయన ఏటా పిలిచేవారు, నేను ఏటా క్లాసులున్నాయనేదాన్ని. ఆ వేసవిలో ఆయన ఉత్తరం రాశారు. ఆగస్టు మొదట్లో విశాఖలో ఇనుపరాయి ఎక్కించుకుని రొమేనియాలో దించుతామనీ, అక్కడి నుంచి ఖాళీగా నార్వే పైకొసన ఉన్న నార్విక్ అనే రేవుకు వెళ్ళి అక్కడి ఇనుపరాయి ఎక్కించుకుంటామనీ, నార్విక్ చేరేసరికి సెప్టెంబరు మధ్య అవుతుందనీ అందులో ఉంది. ఆ చివరి మాట చదివి, జీతం లేని సెలవుకు అర్జీ పెట్టాను. కారణం అన్నచోట 'ఆకురాలు కాలం చూసి రావడానికి' అని రాశాను. ప్రిన్సిపాల్‌గారు కళ్ళజోడు తీసి నా వైపు చూసి, నవ్వి, సంతకం పెట్టారు. మా ఊళ్ళో ఎమ్మెస్సీ చదివిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ సంతకం చూసుకున్నప్పుడు, చదువు కోసం సముద్రం దాటబోతున్న మొదటి దాన్ని కూడా నేనే అనుకుని కొంచెం గర్వపడ్డాను.

నలభై రోజులకు పైగా సముద్రం మీద ఏం జరిగిందో ఇక్కడ రాయను, అది వేరే కథ. ఫొటోల సంగతి మాత్రం చెప్పాలి. రొమేనియా రేవులో మా వారు రష్యా తయారీ కెమెరా ఒకటి కొన్నారు. చేతిలో పెట్టుకుంటే అర్ధశేరు బెల్లం ముద్దలా బరువుండేది. గోడ మీద పెద్దగా వేసి చూపించుకునే రంగుల స్లైడ్ ఫిల్ము మాత్రం బయలుదేరే ముందు వెతికితే విశాఖలో ఎక్కడా దొరకలేదు. ఓడలో థర్డ్ ఆఫీసరు ఎప్పుడో సింగపూర్‌లో కొని దాచుకున్న ఒక్క రీలు నాకు ఇచ్చాడు. ముప్పై ఆరు ఫొటోలు. వెలుతురు ఎలా కొలవాలో, దూరం ఎలా సరిచేయాలో అతనే నేర్పాడు. రీలు ఎక్కించడం కూడా చూపించాడు. ఒకసారి చూసి నాకు వచ్చేసిందన్నాను. పాఠాలు చెప్పేవాళ్ళకు ఉండే జబ్బు అది.

నార్విక్ చేరిన మర్నాడు ఉదయం ఎనిమిదింటికి డెక్కు మీదికి వచ్చి చూస్తే రేవు చుట్టూ కొండలు నిలువునా లేచి ఉన్నాయి. పైన కొత్త మంచు, మధ్యలో నల్లరాయి, కింద ఊరి ఇళ్ళ వెనక పసుపుపచ్చ. ఒక పక్క నుంచి ఇనుపరాయి ఓడ పొట్టలోకి హోరుమని పడుతోంది. కెప్టెన్ సాయంత్రం ఆరింటికల్లా అందరూ ఓడలో ఉండాలన్నారు, ఎనిమిదింటికి బయలుదేరడమే. కొండ మీదికి రైలుందని థర్డ్ ఆఫీసరు కనుక్కుని చెప్పాడు. సరిగ్గా అప్పుడే ఓడ జనరేటరు ఒకటి మొరాయించింది. మా వారు మసి చేతులతో పైకొచ్చి, "సుగుణా, నేను రాలేను. నువ్వు ఆగకు, వెళ్ళిరా. నూకరాజుని తోడు పంపమని అడిగాను" అన్నారు.

నూకరాజు మా ఓడ సారంగు, అంటే డెక్కు మీద పనిచేసే నావికులందరికీ పెద్ద. యారాడ మనిషి. యాభై ఏళ్ళుంటాయి. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, కుర్రతనమంతా వల వేసి, తర్వాత ఓడ ఎక్కి, ఇరవై రెండేళ్ళుగా సముద్రాల మీదే ఉన్నాడు. చలికోటు గుండీలు మెడ దాకా పెట్టుకుని ఓడ మెట్ల దగ్గర నిలబడ్డాడు. "అమ్మగోరూ, ఈ రేవుకి నాలుగుసార్లొచ్చినాను. ఆ కొండెనక ఏటుందో ఒక్కసారీ సూడనేదు. పదండి" అన్నాడు. నేను జీవితంలో మొదటిసారి ప్యాంటు వేసుకున్నాను, మా వారిది. దాని మీద ఆయన స్వెట్టరు, ఆయన కోటు. బూట్లు పెద్దవై, వేళ్ళ దగ్గర పాత తెలుగు పేపరు కుక్కాను. వంటాయన పులిహోర పొట్లం కట్టిచ్చాడు. "అమ్మా, అక్కడ కాఫీ తప్ప ఏమీ నమ్మకండి" అన్నాడు.

రేవు నుంచి స్టేషనుకు నడిస్తే పాతిక నిమిషాలు. దారంతా కంచె పక్కన పట్టాలు, పట్టాల మీద ఇనుపరాయి వ్యాగన్లు. నూకరాజు వంగి ఒక రాయి తీసి అరచేతిలో రుద్దాడు. "మనది ఎర్రగుంతాది, ఈళ్ళది నల్లగుంది సూడండి. మా ఇంటిది ఆరేసిన బట్టలు ఎర్రబడిపోనాయని రోజూ రేవోళ్ళని తిడతాది. ఈ ఊరి ఆడోళ్ళు నల్లబడిపోనాయని తిడతారు కాబోలు" అన్నాడు. పదీ ఇరవైకి రైలు. ఈ రైలు సరిహద్దు దాటి స్వీడన్ వెళ్తుంది. మా చేతిలో ఉన్నవి రేవు ఇచ్చే ఒక్కరోజు అనుమతి చీట్లు, అవి నార్వే లోపలే చెల్లుతాయి. అందుకని నార్వే వైపు చివరి స్టేషను బ్యోర్న్‌ఫ్యెల్‌కు రానూపోనూ టికెట్లు తీసుకున్నాను. నా దగ్గరున్న నార్వే డబ్బు క్రోనర్లలో సగానికి పైగా వాటికే అయిపోయాయి. నార్వేలో ఏదీ చవక కాదు, ఇప్పుడు మరీ కాదట. పైకి వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. లోయ అంతా అటే ఉంటుంది.

రైలు ఊరు దాటగానే కొండ అంచు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. కింద సముద్రం పాయ ఒకటి కొండల మధ్యకు చొచ్చుకొచ్చి పచ్చటి గాజులా కదలకుండా ఉంది. ఎదుటి కొండ చరియ మీద బర్చ్ చెట్లు పసుపుపచ్చగా, ఎవరో పసుపు నీళ్ళు ఒంపేసినట్టు పై నుంచి కిందికి జారుతున్నాయి. సొరంగం, వెలుగు, మళ్ళీ సొరంగం. బరువు వ్యాగన్లు మాకు ఎదురుగా దిగుతున్నాయి. టికెట్లు చూడటానికి వచ్చిన కండక్టరు పెద్దాయన మమ్మల్ని చూసి ఆగి, ఎక్కడివారు అని ఇంగ్లీషులో అడిగాడు. ఇండియా అన్నాను. ఇంతటి రైలుమార్గం మీ దేశంలో ఉండదు కదా అన్నట్టు కిటికీ వైపు చెయ్యి చూపించాడు. నూకరాజుకు ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఆ చెయ్యి అర్థమైంది.

"ఏటంతన్నాడమ్మా? సొరంగాలు సూసుకుని మురుత్తన్నాడేటి? మన అరకు లైను సంగతి సెప్పండి. అక్కడా ఇనుపరాయే, అక్కడా కొండలే. యాభైకి పైన సొరంగాలున్నాయని సెప్పండి!"

చెప్పాను. కండక్టరు కనుబొమలు ఎత్తి, యాభైకి పైనా అని మళ్ళీ అడిగి, మర్యాదగా టోపీ తీసి నూకరాజుకు తల వంచాడు. నూకరాజు కూడా తల వంచాడు. ఇద్దరూ చెరో రైలుమార్గం స్వయంగా వేసినవాళ్ళలా చేతులు కలుపుకున్నారు. నాలుగైదు వేల మైళ్ళ అవతల, మా ఇంటి కిటికీలోంచి కూత వినిపించే రైలు గురించి గొప్పగా చెప్పుకున్న ఆ నిమిషం నాకు భలే నచ్చింది.

పదకొండూ పదికి బ్యోర్న్‌ఫ్యెల్‌లో దిగాం. ఎలుగుబంటి కొండ అని అర్థమట. అది విని నూకరాజు చుట్టూ చూసి, "సీకాకులం కాడ జీడితోటల్లోకి ఎలుగులొత్తాయి, మనకేటి కొత్త" అని ధైర్యం చెప్పుకున్నాడు. చెక్కతో కట్టిన స్టేషను, నాలుగైదు ఎర్ర రంగు చిన్న ఇళ్ళు, చుట్టూ గుండ్రటి రాతి గుట్టలు, వాటి మధ్య చెరువులు. ఇక్కడే నాకు మొదటి దెబ్బ తగిలింది. ఎనిమిదేళ్ళు నేను నల్లబల్ల మీద గీసిన ఎర్ర చెట్లు అక్కడ లేవు. చెట్లన్నీ మనిషి ఎత్తు బర్చ్‌లే, పసుపు. నిరాశగా గుట్ట ఎక్కి, ఊపిరి తీసుకుందామని తల దించితే కాళ్ళ కింద నేలంతా ఎర్రగా ఉంది. మోకాలు ఎత్తు కూడా లేని మొక్కలు. మరుగుజ్జు బర్చ్, కొండనేరేడు లాంటి పొదలు, రాయిని పట్టుకుని పాకే తీగలు. కుంకుమ ఎరుపు, ఇటుక ఎరుపు, వంకాయ రంగు కలిసిన ఎరుపు. చెట్టు కాదు, కొండ ఎర్రబడటం అంటే ఇదీ. ఆ పిల్ల అడిగిన మాటకు జవాబు నా బూట్ల కింద ఉంది.

ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. ఎండ కాస్తోంది, ఆకాశం నీలంగా ఉంది. చెరువుకు ఇటూ అటూ పరుగెత్తుతూ ఫొటోలు తీశాను. చెరువు తీశాను, చెరువులో కొండ నీడ తీశాను, మంచు కొండ తీశాను, అదే కొండను మళ్ళీ అడ్డంగా తీశాను. నూకరాజు రాయి మీద కూర్చుని బీడీ కాలుస్తూ నన్నే చూస్తున్నాడు. గంట గడిచింది.

"అమ్మగోరూ, ముప్పై ఆరే అన్నారు కదా?" అన్నాడు ఉన్నట్టుండి.

"అవును."

"నాను ముప్పై తొమ్మిది దాకా లెక్కపెట్టినాను."

కెమెరా మీది అంకె చూశాను. ముప్పై ఆరు దాటిపోయింది. రీలును ముందుకు జరిపే లివరు తిప్పాను. మెత్తగా తిరిగింది. రీలు అయిపోతే లివరు గట్టిపడుతుందని థర్డ్ ఆఫీసరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే స్వీడన్ వైపు నుంచి పొగమంచు వచ్చింది. అయిదు నిమిషాల్లో చెరువు మాయమైంది, ఆ తర్వాత చెట్లు, ఆ తర్వాత స్టేషను కప్పు.

స్టేషనులో ఒక గదిలో కాఫీ, గుంటలు గుంటలుగా ఉండే తీపి అట్లు అమ్ముతున్నారు. అమ్మే ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి, జడ వేసుకుంది. ఇంగ్లీషు నెమ్మదిగా, తప్పు లేకుండా మాట్లాడింది. నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. వెంటనే, రీలుకు వెలుతురు తగలకుండా, నన్ను బంగాళాదుంపలు పోసుకునే కిటికీ లేని చిన్న గదిలోకి తీసుకెళ్ళి, తలుపు మూసి, సందులకు గుడ్డలు అడ్డం పెట్టింది. ఆ చీకట్లో కెమెరా వెనక మూత తెరిచి వేలితో తడిమాను. రీలు ఎలా పెట్టానో అలాగే ఉంది. నాలుకలా ఉండే దాని కొస, చుట్టుకునే కడ్డీలోంచి ఊడిపోయి, రంధ్రాలు చిరిగి వదులుగా వేలాడుతోంది. గంట సేపట్లో నేను తీసిన ముప్పై తొమ్మిది ఫొటోల్లో ఒక్కటీ లేదు.

బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను. చలికి బిగుసుకున్న వేళ్ళతో రీలు మళ్ళీ ఎక్కించబోయాను. రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ ఊడింది. "నా చేతులకు రాదు అన్నా, ఒగ్గేద్దాం" అన్నాను. వదిలేద్దాం అనడానికి మా ఊరి మాట అది, క్లాసులో ఎన్నేళ్ళుగానో నా నోట రాలేదు.

నూకరాజు నా ఎదురుగా కూర్చున్నాడు. "ఏటి ఒగ్గేత్తారు? ముప్పై ఆరూ అందులోనే ఉన్నాయి కదా. తీసినవే పోనాయి. తీయాల్సినవి అలగే ఉన్నాయి. ఇలగ తెండి." కెమెరా ఎలా పనిచేస్తుందో ఒకసారి అడిగి తెలుసుకున్నాడు. కడ్డీ తిప్పి చూశాడు, సందు చూశాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి చిరిగిన నాలుకను ఏటవాలుగా కోసి, కొసను గోటితో ఒక్క మడత మడిచాడు. "వల సూదికి దారం ఎక్కిచ్చినట్టే. కొస మొండిగుంటే నిలవదు, మెలికుండాల" అంటూ సందులోకి దూర్చి లాగాడు. ఊడలేదు. మూత వేసి లివరు తిప్పించాడు. "ఈ పక్క చక్రం కూడా తిరగతంది సూడండి. ఇందాకా అది తిరగనేదు. నాను సూత్తానే ఉన్నాను, అదలగే ఉంతాదేమో అనుకున్నాను" అన్నాడు. రీలు కదులుతుంటే రెండో వైపు చక్రం కూడా తిరగాలి. ఎమ్మెస్సీ చదివిన నేను గంట సేపట్లో చూడని దాన్ని ఆయన బీడీ కాలుస్తూ చూశాడు.

పని కుదిరింది కానీ కిటికీ బయట తెల్లటి గోడ నిలబడి ఉంది. మా రైలు మూడూ నలభైకి. దాని తర్వాతిది రాత్రి ఎనిమిది దాటాక, అప్పటికి ఓడ ఉండదు. ఈరోజు ఇక ఈ పొగమంచు విడవదు అంది ఆవిడ, కాఫీ పోస్తూ. నూకరాజు బయటికి వెళ్ళి, వేలు తడిపి పైకెత్తి, కాసేపు నిలబడి వచ్చాడు. "గాలి మారతంది. ఇందాకా కొండ మీంచి వొచ్చింది, ఇప్పుడు సముద్రం కాడి నుంచి వొత్తంది. యారాడ కొండ మీద కూడా మబ్బు ఇలగే కూకుంటాది, సముద్రం గాలి తిరిగితే లేచిపోతాది. రెండు గంటలకి విచ్చుకుంతాది" అన్నాడు. ఇది చెబితే ఆవిడ నవ్వి, తను పుట్టింది ఇక్కడే అంది. "నాను పుట్టింది సముద్రంలో అని సెప్పండి" అన్నాడు నూకరాజు.

అలా మొదలైన మాటల్లో ఆవిడ పేరు అడిగాను. సిరి అంది. మేమిద్దరం ఒకేసారి ముందుకు వంగాం. "సిరేనా! మా అన్న మనవరాలి పేరు కూడా సిరే" అన్నాడు నూకరాజు, తప్పిపోయి దొరికిన చుట్టాన్ని చూసినట్టు. మా భాషలో సిరి అంటే సంపద అని చెప్పాను. ఆవిడ ఆ మాట రెండుసార్లు మెల్లగా పలికి చూసుకుంది. మీరు యాత్రకొచ్చారా అంది. కాదు, నేను వృక్షశాస్త్రం చెబుతాను, మీ ఆకురాలు కాలం నా విద్యార్థినులకు చూపించడానికి ఫొటోలు తీయాలని వచ్చాను అన్నాను. బూటుకు అంటుకున్న ఎర్ర ఆకు ఒకటి తీసి బల్ల మీద పెట్టి దాని లాటిన్ పేరు కాగితం మీద రాశాను, 'బెటులా నానా'. సిరి లోపలికెళ్ళి అట్ట చిరిగిన పాత మొక్కల పుస్తకం తెచ్చింది. బడిలో చదువుకున్నప్పటిదట. పేజీలు తిప్పి ఆ పేరు దగ్గర వేలు పెట్టి, దానికి వాళ్ళ భాషలో ఉన్న పేరు చదివింది. నేను ఒక్కో ఆకూ పెట్టడం, లాటిన్ పేరు రాయడం, ఆవిడ వెతికి పట్టుకోవడం. ఒక్కసారీ తప్పలేదు. చోడవరం పక్క పల్లెలో కిరోసిన్ దీపం దగ్గర బట్టీ పట్టిన పేర్లు ఇంత దూరంలో ఒక కొండ మీద చెల్లాయి. ఆ రోజు నాకు కలిగిన గర్వాలన్నిటిలో ఇది పెద్దది.

రెండు కావడానికి పది నిమిషాల ముందు కిటికీలో ఏదో పసుపుగా కనిపించింది. నూకరాజు కోటు తొడుక్కున్నాడు. సిరి కూడా కిటికీ దగ్గరికి వచ్చి చూసి, నూకరాజు వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తేసింది. పట్టాలకు అవతల, రెండో చెరువు దగ్గరికి వెళ్ళండి, గాలి మళ్ళీ తిరగక ముందే అంది. తిన్నవాటికి డబ్బు ఇచ్చి పరుగు తీశాం.

ఈసారి నేను పరుగెత్తుతూ తీయలేదు. పొగమంచు పూర్తిగా పోలేదు, కొండల వెనక తెరలా నిలబడింది. ఎండ లేదు. ఆకులన్నీ తడిగా ఉన్నాయి. మధ్యాహ్నం ఎండలో తళతళలాడి కళ్ళు చెదరగొట్టిన ఎరుపు ఇప్పుడు చిక్కబడి, లోపలి నుంచి వెలుగుతున్నట్టుంది. మోకాళ్ళ మీద కూర్చున్నాను, తర్వాత బోర్లా పడుకున్నాను. ఒక్క రాయి, దాని మీద ఒక్క ఎర్ర తీగ, వెనక తెల్లటి మబ్బు. ఒక బర్చ్ కొమ్మ మీద ఆకుపచ్చ ఆకు, సగం మారిన ఆకు, పసుపు ఆకు, మచ్చలు పడ్డ ఆకు వరసగా ఉంటే, నా పాఠం మొత్తం ఒకే కొమ్మ మీద రాసి ఉన్నట్టనిపించి దాన్ని ఒక్కదాన్నే నాలుగు ఫొటోలు తీశాను. ప్రతిసారీ లివరు తిప్పేటప్పుడు నూకరాజు పక్కన వంగి చక్రం చూసి, "తిరిగింది" అనేవాడు. పన్నెండు, తిరిగింది. ఇరవై, తిరిగింది. "బేగి తీయండమ్మా, గాలి మెత్తబడతంది" అని ఒకసారి, "తొందరొద్దు, సూసి తీయండి" అని ఒకసారి.

చివరిది మిగిలినప్పుడు గుట్ట మీద నిలబడమని అతన్నే అడిగాను. మనిషి పక్కన ఉంటే కొండ ఎంతటిదో తెలుస్తుంది. మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఉన్ని టోపీ తీసి, దువ్వెనతో జుట్టు దువ్వుకుని, చేతులు పక్కలకు అంటించి బిగుసుకుపోయి నిలబడ్డాడు. పాస్‌పోర్టుకి కాదన్నా, కొంచెం కదులు అంటున్నాను. అంతలో అతనే స్వీడన్ వైపు చెయ్యి చాచి, "అదిగో, సూడండి, మన బండి!" అని అరిచాడు. నొక్కేశాను. లివరు గట్టిగా బిగిసిపోయింది. ఆ బిగువు వేలికి తగిలితే ఎంత హాయిగా ఉంటుందో ఫిల్ము కెమెరా వాడినవాళ్ళకే తెలుసు. తర్వాత ఇద్దరం పట్టాల వెంట స్టేషను దాకా పరుగు. రైలు కదులుతుంటే సిరి గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపింది. అయిదున్నరకు ఓడ ఎక్కాం. మా వారు జనరేటరు బాగుచేసి, ఇంకా మసితోనే, మెట్ల దగ్గర ఎదురుచూస్తున్నారు. ఎలా వచ్చాయి అన్నారు. "వొచ్చినాయి బాబూ, చక్రం తిరిగింది" అన్నాడు నూకరాజు, నేను నోరు తెరవకముందే.

హాలెండ్‌లో సరుకు దించేటప్పుడు రీలు కడగడానికి ఇచ్చాను. నాలుగు రోజులకు స్లైడ్లు వచ్చాయి. మూడు కదిలిపోయాయి, ఒకటి చీకటి. మిగతా ముప్పై రెండూ నేను ఊహించిన దానికన్నా బాగున్నాయి. అక్కడి నుంచి విమానంలో ఇంటికి వచ్చేశాను. డిసెంబరులో నూకరాజు సెలవు మీద ఊరికొచ్చాడని తెలిసి, కళాశాలలో స్లైడ్లు చూపించే రోజున భార్యను కూడా తీసుకురమ్మని కబురు పంపాను. సాయంత్రం నాలుగింటికి హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి ప్రొజెక్టరు పెట్టాం. రెండు వందల మంది పిల్లలు. మొదటి స్లైడు పడగానే హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ప్రిన్సిపాల్‌గారు నన్ను పొగుడుతుంటే ఆపి, ఈ ఫొటోలు నేను తీశాను, రీలు ఎక్కించింది మాత్రం యారాడ నూకరాజుగారు అని చెప్పాను. పిల్లలు వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. ఆయన లేచి నిలబడి, ఏం చేయాలో తెలియక, నార్విక్ కండక్టరు చేసినట్టు తల వంచాడు.

చివరి స్లైడు ఆయనదే. గోడంత ఎత్తున, ఎర్రటి కొండ మీద చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. ఆయన భార్య పైడితల్లి కుర్చీలోంచి లేచి గోడ దగ్గరికి నడిచింది. ప్రొజెక్టరు వెలుగులో ఆమె చీర కూడా ఎర్రబడింది. చాలాసేపు చూసి, అందరికీ వినిపించేలా అంది, "ఇరవై రెండేళ్ళుగా ఓడెక్కుతన్నావు. ఏటి సూసినావంటే నీళ్ళే అంతావు. ఇలాంటి ఊళ్ళు తిరగతన్నావని ఒక్కనాడైనా సెప్పినావేటి?"

"ఒట్టే, నానూ సూసింది అదే మొదటిసారి. అమ్మగోరు పదమంటే ఎల్లినాను" అన్నాడు నూకరాజు.

పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. వెనక్కి తిరిగి ఆయన్నే, గోడ మీది మనిషినీ కుర్చీలోని మనిషినీ మార్చి మార్చి చూసింది. "మొగోడు బాగానే ఉన్నాడు" అంది. ఆ స్లైడుకు ఒక కాగితం ఫొటో తీయించి వాళ్ళకు ఇచ్చాను.

ఆ తర్వాత చాలా దేశాలు చూశాను, ఇంతకన్నా మంచి కెమెరాలు వాడాను. అయినా నేను గర్వంగా చెప్పుకునే ప్రయాణం ఇదే. అందులో గొప్పంతా నాది కాదని తెలిసీ చెప్పుకుంటాను. మొదట పోయిన ముప్పై తొమ్మిది ఫొటోల గురించి అప్పట్లో ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, అవి వచ్చి ఉంటే నేను పన్నెండున్నరకల్లా కెమెరా మూసేసి ఉండేదాన్ని, సిరితో కూర్చుని ఉండేదాన్ని కాదు, తడిసిన ఎరుపు ఎలా ఉంటుందో చూసి ఉండేదాన్ని కాదు. నూకరాజు ఫొటో లేకపోతే పైడితల్లి అలా అడిగేదీ కాదు, ఇరవై రెండేళ్ళు ప్రపంచమంతా తిరిగిన మనిషి రేవు దాటి ఒక్క కొండ కూడా ఎక్కలేదని నాకు తెలిసేదీ కాదు. మనం కొత్త దేశం చూస్తున్నప్పుడు పక్కన ఉన్న మనిషి కూడా అదే మొదటిసారి చూస్తున్నాడేమో, అడిగితేనే తెలుస్తుంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. సెప్టెంబరు రెండో వారానికీ నాలుగో వారానికీ మధ్య వెళ్ళండి. పొద్దుటి రైలు ఎక్కి, తిరుగు రైలు వేళ దిగిన వెంటనే కాగితం మీద రాసుకోండి. పైన మబ్బు కమ్మితే దొరికిన మొదటి రైలుకే వెనక్కి రాకండి. స్టేషనులో కాఫీ తాగుతూ కూర్చోండి, అది విడిచిన మొదటి అరగంటే ఫొటోలకు అసలు సమయం.